మీట నొక్కగానే చలనచిత్రము

వాల్వులతో పనిచేసిన పాత రేడియోలో మీట త్రిప్పిన వెంటనే పాట వినరాదు. వాల్వులలోని తంతువులు వేడెక్కువరకు కొంతసేపు ఓపిక పట్టవలసినదే. ట్రాన్సిస్టరు వచ్చి ఆ నిరీక్షణను తొలగించినది. కాని అట్టి ట్రాన్సిస్టర్లనే కోట్లకొలది ఇముడ్చుకొన్న ల్యాప్‌టాప్ కంప్యూటరు, ఒక్క పాట వినిపించుటకు నిమిషమో, అంతకు మించియో కూర్చుండబెట్టినది! ఈ లోపమును సవరింపనెంచి 2004 ప్రాంతమునుండి కొందరు తయారీదారులు ఒక ఉపాయము పన్నిరి. విండోస్ వంటి ప్రధాన వ్యవస్థను మేల్కొలుపకుండనే డి.వి.డి.లను, పాటలను నడిపించుటకు కీబోర్డు చెంత వేరొక మీటను అమర్చిరి. హెచ్.పి. వారు పెవిలియన్ డి.వి.1000 నమూనాలో చూపిన క్విక్‌ప్లే, డెల్ వారి మీడియాడైరెక్ట్ వీనిలో పేరుపొందినవి. ఈ ఉపాయము ఎంతవరకు ఫలించినదో విచారింపదగియున్నది.

ఆలస్యమునకు మూలము డిస్కులో కలదు. నిమిషమునకు 5400 చుట్లు తిరుగు డిస్కుకు ఒక చుట్టునకు 11.1 మిల్లీసెకండ్లు పట్టును. కావలసిన భాగము చదువు తల క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము, అనగా 5.6 మిల్లీసెకండ్లు కావలెను. తల సరియైన వలయమునకు జరుగుటకు మరియొక 12 మిల్లీసెకండ్లు అనుకొందము. అప్పుడు ఒక్కొక్క వెదకులాటకు 17.6 మిల్లీసెకండ్లు, సెకండునకు 57 వెదకులాటలు మాత్రమే సాధ్యము. ప్రధాన వ్యవస్థ లేచునప్పుడు ప్రింటరు, నెట్‌వర్కు, వైరస్ కాపలా మొదలగు అనేక పరివారమును వెంటబెట్టుకొని లేచును. వీనికై మూడువేల తావులలో వెదకవలసివచ్చినచో 50 సెకండ్లు దాటిపోవును. ప్రాసెసరు ఎంత వేగముగలదైనను ఇక్కడ చేయునది లేదు.

చిన్న వ్యవస్థకు ఈ పరివారము లేదు. తెర, ధ్వని, డిస్కు, ఈ మూటిని నడుపగలిగిన చాలును. లినక్స్‌నో, విండోస్ ఎక్స్.పి.యొక్క కుదించిన రూపమునో డిస్కులో ఒక ప్రత్యేక భాగమున దాచి, ఆ మీట నొక్కినపుడు బయాస్ అక్కడినుండి ప్రారంభించునట్లు చేసిరి. చదువవలసినది తగ్గినది గనుక కాలము నిజముగనే కలిసివచ్చినది. ఇంతవరకు ఆలోచన శాస్త్రసమ్మతమే.

బ్యాటరీ ఆదా అగునను మాట మాత్రము లెక్కకు నిలువదు. 50 వాట్-గంటల బ్యాటరీలో 1,80,000 జౌళ్ల శక్తి ఉండును. యంత్రము 25 వాట్లు వాడుకొనినచో ఆ శక్తి సరిగా రెండు గంటలకు చాలును. ఒక నిమిషపు ప్రారంభము తప్పినందున మిగులునది 1,500 జౌళ్లు. నూటికి ఒక వంతు కూడ కాదు. తెర వెనుకనున్న దీపము, డి.వి.డి.ని త్రిప్పు మోటారు ఏ వ్యవస్థ క్రిందనైనను తమ వాటాను తాము తీసికొనును. పైగా, ప్రాసెసరు వేగమును అవసరమునుబట్టి తగ్గించు నేర్పు చిన్న వ్యవస్థకు లేనిచో ఖర్చు పెరుగవచ్చును గాని తగ్గదు.

ఇంతకంటె పెద్ద చిక్కు ఒకే డిస్కును ఇద్దరు యజమానులు ఏలుటలో ఉన్నది. విండోస్ గాఢనిద్రకు, అనగా హైబర్నేషనుకు పోవునపుడు, డిస్కుపై ఏ ఫైలు ఎక్కడనున్నదో తన జ్ఞాపకమును అట్లే వ్రాసిపెట్టుకొని పోవును. ఆ నడుమ వేరొక వ్యవస్థ అదే భాగములో ఏదైన వ్రాసినచో, లేచిన విండోస్ పాత జ్ఞాపకమునే నమ్మి ఫైళ్లను పాడుచేయును. కావున చిన్న వ్యవస్థ చదువుటతో తృప్తిపడవలెను, వ్రాయరాదు. కొన్ని యంత్రములలో డిస్కును తిరిగి విభజించి విండోస్‌ను క్రొత్తగా ఎక్కించినవారు పొరపాటున ఆ మీటతో ప్రారంభింపగా, విభజన పట్టికయే చెడిపోయిన ఉదంతములు కలవు. పాట వినుటకు పెట్టిన మీట ఇంటి పత్రములను చింపివేయుట ఎట్టి రూపకల్పన? గుర్తుమాట సంగతి కూడ ఇట్టిదే. రహస్యలిపిలో దాచని ఫైళ్లను విండోస్ గుర్తుమాటతో పని లేకుండనే రెండవ వ్యవస్థ చదువగలదు.

2007లో ఆసుస్ వారి పి5ఇ3 డీలక్స్ మదర్‌బోర్డుపై వచ్చిన స్ప్లాష్‌టాప్ ఒక విధమున మెరుగు. అది డిస్కును ఆశ్రయింపక బోర్డుపైని ఫ్లాష్ స్మృతిలో ఉండెను. కాని అందులో పాటలతో తృప్తిపడక ఇంటర్నెట్ బ్రౌజరును చేర్చిరి. బ్రౌజరు చేరిన తరువాత దానికి భద్రతా సవరణలు తప్పవు. చిన్న వ్యవస్థ రెండవ పెద్ద వ్యవస్థగా మారు దారి అదియే.

తుదకు ఈ మీటలు వాడుకనుండి తొలగుటకు వేరు కారణములు ఏర్పడినవి. తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి.లో వెదకులాటకు మిల్లీసెకండులో పదవ వంతు చాలును. మూత తెరచినంతనే ల్యాప్‌టాప్ నిద్రనుండి లేచుట అలవాటైనది. డి.వి.డి. పెట్టె చాల నమూనాలలో కనబడకుండ పోయినది. పాటలు జేబులోని ఫోనుకు తరలిపోయినవి.

అయినను ఆలోచన చావలేదు. పాత ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థి, కోడి అను మీడియా ప్రోగ్రామును నడిపించు లిబ్రెలెక్ అను చిన్న లినక్స్ వ్యవస్థను ఒక యు.ఎస్.బి. పుల్లపై ఎక్కించి దానినుండియే యంత్రమును ప్రారంభింపవచ్చును. లోపలి డిస్కును తాకనవసరము లేదు. డిస్కులోని చిత్రములు కావలసినపుడు మాత్రము ఒక జాగ్రత్త కలదు. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని ‘ఫాస్ట్ స్టార్టప్’ అను ఏర్పాటు పనిచేయుచున్నపుడు, షట్ డౌన్ చేసినను వ్యవస్థ కొంత గాఢనిద్రలోనే ఉండును. షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకొని షట్ డౌన్ ఎన్నుకొన్నచో అది పూర్తిగా ఆగును.