జీలిబ్ పొదుపు

జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ గారలు నిర్మించి, మూలకోడుతో సహా ఉచితముగా లోకమున కొసగిన, ఫైళ్లను కుదించు జీలిబ్ అను లైబ్రరీ పనితనమును తలచినప్పుడెల్ల నాకు గౌరవము కలుగును. ఎంతటి ఫైలునైనను కొంచెము కొంచెముగా అందుకొనుచు, వెనుకటి 32 కిలోబైట్ల మేరను జ్ఞప్తియందుంచుకొని, కనీసము మూడు బైట్ల వరుస యేదైనను మరల కనబడెనేని, దానిని తిరిగి వ్రాయక, ఇంత దూరము వెనుకకు పోయి ఇంత పొడవు గైకొనుమని సూచించి ముందునకు సాగును. పిమ్మట హఫ్‌మన్ పద్ధతి ననుసరించి, తరచుగా వచ్చు గుర్తులకు పొట్టి సంకేతములను, అరుదైనవానికి పొడుగు సంకేతములను కేటాయించును. యూటీఎఫ్-8లో తెలుగు యూనికోడ్ గుర్తొక్కొక్కటి మూడు బైట్లు గైకొన్నను, మొదటిది సర్వదా ఒక్కటియే, రెండవది రెంటిలో నొకటియే యగుటచే, మన వ్రాతయందు దీని నేర్పు మిక్కిలి రాణించును. త్వరగోరువాడు కుదింపునకు ఒకటవ స్థాయిని, పొదుపుగోరువాడు తొమ్మిదవ స్థాయిని ఎంచుకొనవచ్చును. విప్పు విధానము మాత్ర మొక్కటియే. విప్పిన పిదప ఆడ్లర్-32 అను చెక్‌సమ్‌తో సరిచూచి, ఒక్క బిట్టు మారినను పసిగట్టు ఆ నిజాయితీ నాకన్నింటికంటె ప్రియమైనది. పీఎన్‌జీ చిత్రములు, గిట్ భాండారములు దీనినే నమ్ముకొని యున్నవి. ప్రోగ్రాములు వ్రాయు యువజనులారా, ఈ మూలకోడును తీరికగా ఒక్కమారు చదువుడు.