వీధిలైటు ఆర్పారా?

మా చిన్నప్పుడు ఇంటి బయట ఒకటే బల్బు. వసారా దూలానికి వేలాడే 40 వాట్లది. దీపాలవేళకు వేసేవారు. భోజనాలయ్యాక నాన్న పడకకుర్చీ మడుస్తూ "వీధిలైటు ఆర్పార్రా?" అని కేకేసేవారు. రాత్రికి మూడు గంటలు, నెలకు మూడున్నర యూనిట్ల పైచిలుకు.

ఇప్పుడు మా ఇంటి బయట ఎనిమిది బల్బులు. గేటు స్తంభాలకు రెండు, పోర్టికోలో రెండు, ప్రహరీకి మూడు, మేడమెట్ల మీద ఒకటి. అన్నీ 9 వాట్ల ఎల్‌ఈడీలే. ఇవి కరెంటేం తాగుతాయిలే అన్న ధీమాతో సాయంత్రం ఆరింటికి వేస్తే మళ్లీ తెల్లారాకే ఆపడం. మొన్న పాత బిల్లు వెనక లెక్క వేశాను: 72 వాట్లు, 12 గంటలు, 30 రోజులు. దాదాపు 26 యూనిట్లు. నాన్న బల్బుకు ఏడింతలు! బల్బు పొదుపరిదే, దుబారా నాది. పైగా మన శ్లాబుల పద్ధతిలో చివర వచ్చి చేరే యూనిట్లకే రేటు ఎక్కువ.

సరే, తెలివిగా పోదామని చీకటి పడితే వెలిగి, తెల్లారితే ఆరే సెన్సర్ తెచ్చి పోర్టికో బల్బు కిందే బిగించాను. చీకటి పడగానే బల్బు వెలిగింది. ఆ వెలుగే సెన్సర్ మీద పడింది. తెల్లారిందనుకుని ఆర్పేసింది. మళ్లీ చీకటి, మళ్లీ వెలుగు. ఎదురింటాయన గోడ మీదుగా తొంగిచూసి "ఏమండీ, ఇంట్లో పెళ్లా?" అన్నాడు. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి దాని కన్ను ఆకాశం వైపు తిప్పాడు, అంతే. గేటు దగ్గర పెట్టిన, మనిషి కదిలితే వెలిగే రకానిది ఇంకో కథ. రోడ్డు వైపు చూస్తూ ప్రతి బైకుకూ, ప్రతి కుక్కకూ సలాం కొట్టేది. దాన్ని ఊడదీసి, పోర్టికోలో లోపలి నడవ వైపు పెట్టాం. సెన్సర్ కొనడం ఎంతసేపు, దాని చూపు ఎటుండాలో తెలుసుకోవడమే అసలు పని.

దొంగల భయం మాటేమిటంటారా? ఊరెళ్తూ లైట్లన్నీ వేసి వెళ్లడం నాకు అలవాటు. "పట్టపగలు కూడా వీధిలైటు వెలుగుతుంటే, ఇంట్లో మనుషుల్లేరని దండోరా వేసినట్టేరా" అంది అమ్మ. నిజమే కదా!

ప్రహరీ బల్బులు మూడూ తీయించేశాను. వాటిలో ఒకటి సరిగ్గా రాధామనోహరం తీగ మీద ఉండేది. సాయంత్రం తెల్లగా విచ్చుకునే ఆ పూలకోసం వచ్చే రెక్కల పురుగులు పూలొదిలేసి బల్బు చుట్టూ తిరిగేవి. వానాకాలంలో ఉసిళ్లు రాలి పొద్దున్నే చేటెడు ఊడ్పు. ఉన్న బల్బుల్లో తెల్లటివి మార్చి పసుపు వెలుగువి పెట్టాక పురుగులూ తగ్గాయి, వాటికోసం కాచుకున్న బల్లులూ తగ్గాయి.

ఇప్పుడు పోర్టికోలో ఒకటి, మెట్ల మీద ఒకటి మనిషి కదిలితేనే వెలుగుతాయి. గేటుకు ఒకే బల్బు, రాత్రి పదింటి దాకా. లెక్క ప్రకారం అన్నీ కలిపి నెలకు రెండు యూనిట్లు దాటడం లేదు. గేటు బల్బుకు మళ్లీ సెన్సర్ పెట్టలేదు. పదయ్యాక నేనే వెళ్లి ఆర్పి వస్తున్నాను.