నేరం గడిలో ఒక అంకె

మా తాతమ్మ వాళ్ళమ్మ కాశీ వెళ్ళి అక్కడే పోయిందని ఇంట్లో చెప్పేవారు. పాత జైలు రిజిస్టరులో ఆమె పేరు దొరికింది. వయసు, కులం, పుట్టుమచ్చలు, ‘వితంతువు’ అన్న మాట, నేరం గడిలో 318 అన్న అంకె. అంతే.

1862లో అమలులోకొచ్చిన ఇండియన్ పీనల్ కోడ్ తిరగేశాను. బిడ్డను చంపడం కాదు ఆ నేరం. కాన్పు సంగతి దాచాలని బిడ్డ శవాన్ని రహస్యంగా పూడ్చడం. బిడ్డ చనిపోయి పుట్టినా నేరమే. రెండేళ్ళ దాకా శిక్ష.

దాచకపోతే కులం వెలేస్తుంది, దాచితే సర్కారు జైల్లో పెడుతుంది. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. అదే ఏడు సూరత్‌లో విజయలక్ష్మి అనే వితంతువుకు శిశుహత్య కేసులో ఉరిశిక్ష వేసి, తర్వాత ద్వీపాంతరవాసానికి తగ్గించారు. మరి మగవాళ్ళ సంగతేమిటని తారాబాయి షిండే 1882లో ‘స్త్రీ పురుష తులన’ రాసి నిలదీసింది.

ఆ ప్రశ్నతో రిజిస్టరును మళ్ళీ చదివాను. ఒంటిమీది మచ్చకు కూడా గడి ఉంది. బిడ్డ తండ్రికి లేదు. 2024లో పీనల్ కోడ్ పోయినా, ఈ సెక్షను న్యాయ సంహితలో 94గా మిగిలే ఉంది.

కాన్పు దాచిన నేరం ఆమెదైతే, మనిషినే దాచిన నేరం మా ఇంటిది. దానికి ఏ సెక్షనూ లేదు.