తీగ మీటని రోజులు

మాండొలిన్ శ్రీనివాస్ మీద వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ ఒకే చోట మొదలవుతాయి. 1978, గుడివాడ, త్యాగరాజ ఆరాధనోత్సవాలు. తొమ్మిదేళ్ల పాలకొల్లు కుర్రాడు. చేతిలో, కర్ణాటక సంగీతానికి పనికొస్తుందని అప్పటికి పెద్దగా ఎవరూ అనుకోని వాయిద్యం. అక్కణ్ణించి మద్రాసు, 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్, 1998లో పద్మశ్రీ, జాన్ మెక్లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌ల పక్కన రిమెంబర్ శక్తి. చివరి పేరాలో, కాస్త తొందర తొందరగా, 2014 సెప్టెంబర్ 19. అప్పటికి ఆయన వయసు 45.

ఆ చివరి పేరాలో ఒక వాక్యం ఉంటుంది. కాలేయ మార్పిడి ఆపరేషన్ అయింది, ఆ తర్వాత సమస్యలు తలెత్తాయి అని. రాసేవాళ్లూ అక్కడ ఆగరు, చదివేవాళ్లూ ఆగరు. కానీ ఆపరేషన్‌కీ మరణానికీ మధ్య కొన్ని రోజులున్నాయి. అంతకు ముందు జబ్బుతో గడిచిన రోజులున్నాయి. ఆస్పత్రి లెక్కలో ఆయన రోగి. సంగీతలోకం లెక్కలో కొన్నాళ్లు కచేరీలు ఆపుకున్న కళాకారుడు. తొమ్మిదో ఏట వేదికెక్కినవాడికి 36 ఏళ్ల తర్వాత వాయించక్కర్లేని రోజులు వచ్చాయి. అవి ఆయనకి మిగిలిన ఆఖరి రోజులు కూడా అయ్యాయి.

వాయిద్యం కింద పెట్టిన సంగీతకారుణ్ణి మనం ఎలా వింటాం? అసలు వింటామా? నాకైతే మన సంగీత వ్యాసాలకి ఈ ప్రశ్నే తట్టలేదనిపిస్తుంది. దానికి కారణం ఆ గుడివాడ వేదిక దగ్గరే ఉందని నా అనుమానం.

కృష్ణా డెల్టాకి ఆరాధనోత్సవాల్లో పిల్లల్ని చూసి ముచ్చటపడటం పాత అలవాటే. శ్రీనివాస్‌కి నాలుగు దశాబ్దాల ముందు, బెజవాడలో, ఇలాంటి ఆరాధనోత్సవంలోనే ఎనిమిదేళ్ల మురళీకృష్ణ పూర్తి కచేరీ చేశాడు. అది విన్న హరికథా భాగవతార్ ముసునూరి సూర్యనారాయణమూర్తి ఆ పేరు ముందు 'బాల' చేర్చారు. 2016లో 86 ఏళ్ల వయసులో పోయేదాకా ఆయన బాలమురళీకృష్ణే. ముద్దుగానే ఉంటుంది. కానీ ఆ 'బాల'లో ఒక చిక్కుంది. బాలమేధావి అన్నామంటే అది వరం, పూర్వజన్మ వాసన, దైవదత్తం. వరానికి నడుం నొప్పి రాదు. వరం మందులు వేసుకోదు, పథ్యం చెయ్యదు. సాధనకి మనకి మాటలున్నాయి, 'అసురసాధన' అనే భయంకరమైన మాట కూడా ఉంది, దాన్ని మెచ్చుకోలుగానే వాడతాం. సాధన ఆపి ఒంటిని బాగుచేసుకోవడానికి సంగీతంలో మాట లేదు. పథ్యం అనే మంచి మాట ఉంది గానీ అది వంటింటి మాటగానే ఉండిపోయింది.

అసలు ఆయన చేసిన పనంతా ఒంటితో చేసిందే. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలు. మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, తీగ పొట్టి, మీటిన స్వరం మీటినంత వేగంగా ఆరిపోతుంది. పాశ్చాత్య వాద్యకారులు స్వరాన్ని నిలబెట్టాలంటే అదే తీగని గబగబా మళ్లీ మళ్లీ మీటుతారు. గమకం కావాల్సిన సంగీతానికి అది చాలదు. స్వరం వంగాలి, జారాలి, ఊగాలి. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, జతలు తీసేసి, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఆంప్లిఫయర్ కాస్త ఊపిరి అరువిచ్చింది. మిగతాదంతా ఎడమచేతి వేళ్ల పని. ఆ రకంగా చూస్తే అది మాండొలిన్ కంటే ఎలక్ట్రిక్ గిటార్‌కి దగ్గరి చుట్టం. పాశ్చాత్య సంగీతం ఆయనకి చిన్నప్పుడే పరిచయం చేసింది కూడా వాసూరావు అనే గిటారిస్టే.

తీగ వాయిద్యం వాయించేవాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఎడమచేతి వేళ్ల కొసలు కాయలు కాస్తాయి. ఏళ్ల తరబడి తీగ కోసీ కోసీ అక్కడి చర్మం మొద్దుబారుతుంది. ఆ మొద్దుబారడమే శ్రోతకి వినిపించే సుకుమారం. కొన్ని వారాలు వాయిద్యం ముట్టుకోకపోతే కాయలు మెత్తబడి పొరలుగా లేచిపోతాయి. మళ్లీ మొదలుపెట్టినవాడికి తీగ మొదటి రోజులాగే కోసుకుంటుంది. పొట్ట మీద పెద్ద కోత పడితే ఇంకో సంగతి. బాసింపట్టు వేసుకుని, వాయిద్యం ఒంటికి ఆనించుకుని రెండున్నర గంటలు కూర్చోవడం అన్నది వాయిద్యం కంటే ముందు తిరిగి నేర్చుకోవాల్సిన విద్య అవుతుంది.

అయితే సంగీతం వేళ్లలోనే ఉందా? శ్రీనివాస్ చదువు విచిత్రమైంది. తండ్రి సత్యనారాయణ మాండొలిన్ వాయించేవారు, మొదటి పాఠాలు ఆయనవే. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. మాండొలిన్ వాయించడం ఆయనకి రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటని తీగ మీద వెతుక్కునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. చెవి ముందు, చెయ్యి వెనక. ఈ పద్ధతిలో నేర్చుకున్నవాడికి చెయ్యి కొన్నాళ్లు ఆగినా పాట ఆగదని అనుకోవచ్చు. అనుకోవడం తేలికే. చెవీ చెయ్యీ నిజంగా విడిపోయిన ఒక మనిషి కథ వింటే అంత తేలిగ్గా అనిపించదు.

ఫిలడెల్ఫియా గిటారిస్టు పాట్ మార్టీనో 1944లో పుట్టాడు, 1967లో మొదటి ఆల్బమ్ 'ఎల్ హోంబ్రే' వచ్చింది. అతనూ చిన్నతనంలోనే వృత్తిలోకి దిగినవాడే. మెదడులో పుట్టుకతో ఉన్న రక్తనాళాల చిక్కుకి 1980లో ఆపరేషన్ చేశారు. ఎడమ కణత వైపు భాగంలో చాలా మటుకు తీసెయ్యాల్సి వచ్చింది. మెలకువ వచ్చాక తల్లిదండ్రుల్ని పోల్చుకోలేదు. తాను గిటారిస్టునని తెలీదు. ఇంటికి తీసుకొచ్చాక తండ్రి అతని పాత రికార్డులే పెట్టి వినిపించేవాడు. అవి ఎవరివో పరాయివాడివిలా వినపడ్డాయి. తర్వాత కొన్నేళ్లకి, ఆ పరాయివాడి దగ్గరే శిష్యరికం చేసినట్టు, తన రికార్డుల నుంచి తనే మళ్లీ గిటార్ నేర్చుకున్నాడు. 1987లో న్యూయార్క్‌లో ఒక క్లబ్బులో వాయించింది 'ద రిటర్న్' పేరుతో ఆల్బమ్‌గా వచ్చింది.

మార్టీనో గురించి 2008లో సినిమా వచ్చింది, 2011లో ఆత్మకథ వచ్చింది. ప్రచారమంతా ఒకటే పాట: అద్భుతం, పునర్జన్మ. జాంగో రైన్‌హార్ట్ కథనీ ఇలాగే చెబుతారు. 1928లో మంటల్లో చెయ్యి కాలి, ఏడాదిన్నర ఆస్పత్రిలో ఉండి, రెండు వేళ్లతో మళ్లీ ప్రపంచాన్ని గెలిచాడని. ఈ గెలుపు కథలతో నాకు పేచీ ఉంది. వాటిలో విరామం అంటే పరుగుపందెంలో కాలు జారడం. లేచి మళ్లీ పరుగెత్తాడా లేదా అన్నదే లెక్క.

'ద రిటర్న్' ఒకసారి విని చూడండి. ఆపరేషన్‌కి ముందు వచ్చిన 'జాయస్ లేక్' పక్కన పెట్టి వింటే ఇంకా మంచిది. వేగం ఎక్కడా తగ్గలేదు. పొడుగాటి, సమానమైన స్వరాల వరస, ఊపిరి తీసుకునే చోటు లేకుండా, పాత మార్టీనో ఎలా వాయించేవాడో అలాగే. నిజానికి అదే నన్ను ఇబ్బంది పెడుతుంది. ఎవరికో జవాబు చెబుతున్నట్టుంటుంది ఆ వాయించడం. నేను నేనే, పోల్చుకోండి అని. ఆల్బమ్ చప్పట్లకి అర్హమే, కానీ అందులో ఆ ఏడేళ్లు వినిపించవు. ఆ తర్వాత తల్లిదండ్రులు జబ్బుపడటం, పోవడం, అతను మళ్లీ గిటార్ పక్కన పెట్టడం జరిగాయి. ఈ రెండో విరామాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు, అందులో అద్భుతం లేదు కదా. దాని తర్వాత 1994లో వచ్చిన 'ఇంటర్‌చేంజ్'లో మాత్రం, నా చెవికి, పియానోకి చోటిచ్చి తను ఆగే మనిషి వినిపిస్తాడు. ఒక ఆపరేషన్ నేర్పనిది ఇల్లు ఖాళీ అవడం నేర్పిందేమో.

శ్రీనివాస్‌కి 'ద రిటర్న్' లేదు. రెండో విరామమూ లేదు. ఉన్న రికార్డింగుల్లోనే ఆయన ఎక్కడ ఆగారో వెతుక్కోవాలి. వెతకడం కొంచెం కష్టమే, ఎందుకంటే ఆయనకి పేరు తెచ్చింది వేగం. యూట్యూబ్‌లో ఎక్కువమంది చూసేదీ, చప్పట్లు మోగేదీ మూడో కాలంలో కల్పనాస్వరాలు జల్లులా పడే చోటే. ఆ జల్లు నాకూ ఇష్టమే. కానీ విమర్శ అనేది ఏదైనా చెయ్యగలిగితే అది ఇంకోవైపు చెవి తిప్పడమే.

'లోటస్ ఫీట్' అని మెక్లాఫ్లిన్ పాట ఒకటుంది. 1976లో మొదటి శక్తి ఆల్బమ్‌లో అది ఎల్. శంకర్ వయొలిన్‌తో నడిచింది. కమాను ఉన్నవాడికి ఆ పాటలో చింత లేదు, స్వరాన్ని ఎంతసేపు కావాలంటే అంతసేపు లాగొచ్చు. 2000లో వచ్చిన రిమెంబర్ శక్తి ఆల్బమ్ 'ద బిలీవర్'లో అదే పాటలో ఆ స్థానంలో మాండొలిన్ ఉంది. పాట నెమ్మదిది, స్వరాలు తక్కువ. దాక్కోడానికి వేగం లేదు. మీటిన ప్రతి స్వరం ఆరిపోవడం మొదలెడుతుంది. శ్రీనివాస్ దాన్ని మళ్లీ మీటి బతికించాలని చూడరు. కొంచెం వంచి వదిలేస్తారు. స్వరం సన్నబడుతుంది, దాదాపు పోతుంది, అప్పుడు పక్క స్వరం. ఏడు నిమిషాల పాటలో నేను ఎక్కువగా వినేది ఈ సన్నబడటాలనే. బాలమేధావి అన్న బిరుదు ఈ చోట దేనికీ పనికిరాదు. ఇది 30 ఏళ్ల మనిషి ఓపిక.

చిత్రమేమిటంటే గుడివాడ చుట్టుపక్కల నేలకి ఈ నెమ్మది కొత్తేం కాదు. ఇటు కూచిపూడి, దాని పక్కనే మువ్వ. క్షేత్రయ్య పదాలన్నీ ఆ మువ్వ గోపాలుడి పేరు మీదే. పదం పాడటమంటే చౌకకాలంలో ఒక్క మాట దగ్గర నిలబడి దాన్ని అటూ ఇటూ తిప్పి చూడటం. తొందరున్నవాడు పదం పాడలేడు. ఇంకో సంగతి చెప్పనా, ఎండాకాలం డెల్టాలో కాలవలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, లాకులు బాగుచేస్తారు. ఆ నెలల్లో కాలవ చచ్చిపోయిందని దివిసీమలో ఏ రైతూ అనడు. నీళ్లు ఎప్పుడొదుల్తారని అడుగుతాడు, వదలడం ఆలస్యమైతే తిడతాడు. అంతే.

అయితే ఈ ఓపిక అందరికీ అందుబాటులో ఉండేది కాదు. మెక్లాఫ్లిన్ పక్కన వాయించేవారికైనా విశ్రాంతి దొరకడం కష్టమే, ఇక బందరులోనో గుడివాడలోనో పెళ్లిళ్లకీ శ్రీరామనవమి పందిళ్లకీ వాయించే ఆర్కెస్ట్రా గిటారిస్టు సంగతి వేరే చెప్పాలా. ప్రోగ్రాంకి ఇంత అని లెక్క. ఆంప్ తనే మోసుకెళ్లాలి. హెర్నియా ఆపరేషన్ అయితే డాక్టరు బరువులెత్తొద్దంటాడు, ముహూర్తాలు ఆగవు. అతని బాణీలన్నీ కీబోర్డు వాయించేవాడు ఒక మీట నొక్కి కానిచ్చేస్తాడు. రెండు నెలల తర్వాత ఇతను తిరిగొస్తే ట్రూపులో చోటు ఉంటుందో లేదో. ఇతని గురించి నివాళి వ్యాసాలూ రావు, పునర్జన్మ సినిమాలూ రావు. విరామం కూడా సంగీతంలో భాగమే అని నాలాంటివాళ్లు తేలిగ్గా రాసేస్తాం. ఆ విరామంలో ఇంటి అద్దె ఎవరు కడతారన్న ప్రశ్న ఆ వాక్యంలో ఇమడదు. శ్రీనివాస్ స్థాయి కళాకారులకీ కచేరీ ఉంటేనే ఆదాయం. సంగీత సభలు ఆహ్వానాలు పంపుతాయి గానీ సెలవు జీతం ఇవ్వవు.

2023లో శక్తి బృందం 'దిస్ మొమెంట్' అనే ఆల్బమ్ తెచ్చింది, మరుసటి ఏడాది దానికి గ్రామీ వచ్చింది. అందులో మొదటి పాట పేరు 'శ్రీనీస్ డ్రీమ్'. ఆయన స్థానంలో ఇంకో మాండొలిన్ రాలేదు. గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ వచ్చింది, 1976లోలాగే. అన్న దగ్గరే నేర్చుకున్న తమ్ముడు రాజేశ్ మాండొలిన్ వాయిస్తున్నారు, ఆయన దారి ఆయనది. 'శ్రీనీస్ డ్రీమ్' ఉత్సాహంగా ఉంటుంది, బాగుంటుంది. మాండొలిన్ ఎక్కడొస్తుందా అని చెవి కాసేపు వెతుకుతుంది. వయొలిన్ వస్తుంది. నిలబడాల్సిన చోట స్వరం నిలబడుతుంది, హాయిగా, చాలాసేపు. అది అయ్యాక నేను వెనక్కి వెళ్లి, సన్నబడి ఆరిపోయే ఆ 'లోటస్ ఫీట్' పెట్టుకున్నాను.