నవ్వు పడేది చివరి మాట మీదే

హైపర్ ఆది స్కిట్‌ను ఒకసారి కళ్లు మూసుకుని వినండి. ఎదుటివాడి ప్రశ్న పూర్తయ్యేలోగా జవాబు వచ్చి పడుతుంది. ప్రకాశం జిల్లాలో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన ఈయన ఈటీవీ 'జబర్దస్త్'లో అదిరే అభి టీమ్‌లో చేరారు. రాస్తూ, వేస్తూ టీమ్ లీడర్ అయ్యారు. 2013 ఫిబ్రవరిలో మొదలైన ఆ కార్యక్రమం తెలుగు టీవీకి చేసిన అసలు మేలు నా దృష్టిలో ఇదే: రాసేవాడే స్టేజీ ఎక్కడం.

2001లో జెమినీ టీవీలో మొదలైన గుణ్ణం గంగరాజు సీరియల్ 'అమృతం'లో నవ్వు పాత్రల నైజం నుంచి నిదానంగా ఊరేది. స్కిట్‌కు అంత తీరిక లేదు. ఉన్న కాసేపట్లోనే మనిషిని పరిచయం చేయాలి, చిక్కులో పడేయాలి, నవ్వించాలి. అందుకే ఎవరి నోట ఏ మాట పండుతుందో రాసేవాడికి ముందే తెలిసుండాలి. ఆది టీమ్‌లోని రైజింగ్ రాజు అమాయకంగా నిలబడితేనే ఆది పంచ్ పేలేది.

ఆ పేలడం వెనక లెక్కుంది. నేనే ఒక ముక్క కడతాను, మన తిరుపతి మాటలో. "ఏమబ్బా, కొండకి పోయొచ్చినావు, గుండు యాడ?" "మొక్కుకునింది నేను. కొట్టిచ్చుకునింది మా బామ్మర్ది." ఇందులో 'బామ్మర్ది' చివర పడాలి. "మా బామ్మర్ది కొట్టిచ్చుకున్యాడు" అంటే సమాచారం అందుతుంది గానీ నవ్వు చస్తుంది. మామూలుగా క్రియతో ముగిసే తెలుగు వాక్యాన్ని తిరగేసి, దాచిపెట్టిన మనిషిని ఆఖరున బయటికి లాగాలి. ఆ తర్వాత నోరు మూసుకోవాలి. జనం నవ్వు సగంలో ఉండగా రెండో మాట అందుకుంటే రెండూ పోతాయి.

నగరి నుంచి 2014లో, 2019లో ఎమ్మెల్యేగా గెలిచిన రోజా మొదటినుంచి 2022లో మంత్రి అయ్యేదాకా 'జబర్దస్త్'కు జడ్జి. ఆ కుర్చీలో మన చిత్తూరు జిల్లా మనిషి కూర్చున్నా, స్కిట్లలో మన యాస వినబడింది తక్కువే. తెరమీద సీమ మాటంటే చాలాకాలం తొడగొట్టడమే. రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు మిట్టూరు మనుషుల చేత ఈ యాసలోనే పుస్తకాల్లో మాట్లాడించి ఎన్నేళ్లయింది! 2021లో 'పుష్ప' సినిమా ఆ యాసను దేశమంతా తిప్పింది. దాన్ని స్కిట్ రాసేవాళ్లు అందిపుచ్చుకోవాలి.

వాళ్లకు బడి కూడా దగ్గర్లోనే ఉంది. చిత్తూరు పల్లెల్లో ఎండాకాలం భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరున దుర్యోధన వధ. నడిజాము దాటి జనం కునుకు తీస్తుంటే హాస్యగాడు దిగుతాడు. వాడికి కాగితం ఉండదు. ఊళ్లో నడుస్తున్న సంగతినే అప్పటికప్పుడు అందుకుని మాట కడతాడు. ఇలా ఊరి సంగతిలోంచి నవ్వు తీయకపోవడమే లోటు. జబర్దస్త్‌లో నాకు మింగుడుపడనిది ఒంటి రంగు మీద, ఎత్తు మీద, ఆడవేషం మీద వేసే జోకులు. అవి ఏ ఊరికైనా ఒక్కటే, ఎవరైనా రాయగలరు. బామ్మర్ది గుండు జోకు మాత్రం కొండ కింద పుట్టినవాడికే తడుతుంది.