హైదర్‌కు గడ్డం ఎవరు పెట్టారు?

గుత్తి కోట మీద పత్రికలో ఒక పేజీ వేస్తున్నప్పుడు హైదర్ అలీ బొమ్మ కావాల్సి వచ్చింది. రెండు దొరికాయి. రెండూ యూరపు పుస్తకాల్లోని పాత చెక్కుడు బొమ్మలే. ఒకదాంట్లో గుబురు గడ్డం, మెలితిరిగిన మీసం, ముడిపడిన కనుబొమలు. రెండోదాంట్లో నున్నటి మొహం. డెస్కులో ఒకాయన ఆలోచించకుండా గడ్డం బొమ్మ తీశాడు. 'ఇదే బాగుంది, క్రూరత్వం కనిపిస్తాంది' అన్నాడు. నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఎందుకంటే హైదర్‌కు గడ్డమూ లేదు, మీసమూ లేదు. ఆయన కొలువులో పనిచేసిన ఫ్రెంచి సైనికాధికారి దె లా తూర్ ఆ సంగతి స్పష్టంగా రాశాడు. ముసల్మానుల వాడుకకు ఇది విరుద్ధమని కూడా రాశాడు. మరి ఈ గడ్డం ఎక్కడిది? ముసల్మాను నవాబంటే ఇలాగే ఉండాలన్న నమ్మకంలోంచి మొలిచింది. ఇంకో పాత ప్రింటులోనైతే హైదర్‌ను ఏకంగా మరాఠాల సర్వసేనాని అనేశారు. పేరూ వాళ్లదే, చెహరా కూడా వాళ్లదే.

చెక్కేవాడు రాగిరేకు మీద సన్నటి ఉలితో గీతలు కోస్తాడు. గీతలు ఒత్తయితే నీడ, పలచనైతే వెలుగు. కంటి కింద నాలుగు అడ్డగీతలు ఎక్కువ పడితే మనం 'కోపం' అని చదువుకుంటాం. ఆ కోపం హైదర్‌ది కాకపోవచ్చు. 1780లో పొల్లిలూరు దగ్గర ఇంగ్లీషు సైన్యం చిత్తుగా ఓడిన తర్వాతి భయం కావచ్చు.

మనవాళ్లూ తక్కువ తినలేదు. అదే గడ్డం తస్వీరును ఇళ్లల్లో తగిలించుకుని గాజీ అన్నాం. వాళ్లు క్రూరత్వం చదివిన గీతల్లో మనం దీన్‌ను చదువుకున్నాం. మధ్యలో అసలు మనిషి జారిపోయాడు.

అసలు మనిషి కావాలంటే గుత్తి కొండ ఎక్కాలి. 1776లో మరాఠా సర్దారు మురారిరావును హైదర్ ఇక్కడే ముట్టడించాడు. పైకోటలో నీళ్లు అడుగంటాయి. మురారిరావు లొంగిపోయాడు, కబ్బాలదుర్గంలో బందీగానే కన్నుమూశాడు. దప్పిక అంటే ఏమిటో అనంతపురం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను దీన్ని దాచను. కానీ ఇది రాజ్యం చేసిన పని, మజహబ్ చేసింది కాదు. 1827లో చనిపోయిన మన్రోను మొదట ఈ గుత్తిలోనే పాతిపెట్టారు. కుంపినీ కోసం యుద్ధాలు చేసిన సిపాయి ఆయన. సీమ జనం బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఆయన చిత్తరువు చూసి ఎవరైనా 'క్రైస్తవుల క్రూరత్వం' అంటారా?

హైదర్ బొమ్మ వేయండి. కింద 'యూరపు చెక్కుడువాడి ఊహ' అని ఒక ముక్క రాయండి చాలు. ఆ పొద్దు నేను ఈ మాట అనలేకపోయాను. గడ్డం బొమ్మే అచ్చయింది. నేను రోజూ నున్నగా గీసుకునే వస్తాను. అయినా ఆయన నవ్వినప్పుడు నా మొహం మీద ఏం గీసుకున్నాడో నాకు తెలుసు.