నడుం పడిపోయిన కుక్కకు ముందు విశ్రాంతి, తర్వాతే వ్యాయామం

విశాఖ మధురవాడలో క్రికెట్ స్టేడియం వచ్చి, కొండ మీద ఐటీ భవనాలు లేచాక అపార్ట్‌మెంట్లు పెరిగాయి. వాటితో పాటే పెంపుడు కుక్కలూ పెరిగాయి. సాయంత్రం ఏ కాలనీలో నడిచినా బీగిలో, షిట్జునో, డాక్స్‌హండో ఎదురవుతుంది. ముద్దుగా కనిపించే ఈ పొట్టి కాళ్ల జాతుల నడుములో ఒక బలహీనత పుట్టుకతోనే ఉంటుంది. నిన్నటి దాకా సోఫా ఎక్కి దిగిన కుక్క ఒకరోజు వీపు ముట్టుకోనివ్వదు. మర్నాటికి వెనక కాళ్లు ఈడుస్తుంది. ఇంట్లోవాళ్లు ఎవరో కొట్టారనుకుంటారు, నూనె రాసి మర్దన మొదలుపెడతారు. పల్లెల్లో పశువులకు వాతలు పెట్టిన అలవాటును గుర్తుచేసే పెద్దలూ ఉంటారు. ఇవేవీ చేయకూడదు. వాత వల్ల కాలిన పుండు మిగులుతుంది తప్ప వెన్నులోని జబ్బు కదలదు.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌కు బయట గట్టి నారల వలయం, లోపల మెత్తని గుజ్జు ఉంటాయి. లేత తాటిముంజెలా ఉండాల్సిన ఆ గుజ్జు ఈ జాతుల్లో చిన్న వయసులోనే ఎండి, సున్నం పట్టి గట్టిపడుతుంది. ఏదో ఒక రోజు వలయాన్ని చీల్చుకుని పైకి ఎగదన్ని వెన్నుపామును నొక్కేస్తుంది. కుక్కల డిస్క్ జబ్బులో ఇదొక రకం, నెమ్మదిగా ఉబ్బేది మరో రకం అని 1952లో హాన్సెన్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు విడదీసి చెప్పాడు. మొదటి రకానికి మూలం 12వ క్రోమోజోమ్ మీద అదనంగా చేరిన ఒక జన్యువు నకలు అని 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు తేల్చారు. కాబట్టి సోఫా మీంచి దూకడం ఒక సందర్భం మాత్రమే. అసలు కారణం లోపల ఏళ్ల తరబడి జరిగిన మార్పు. అది దూకుతుంటే చూస్తూ ఊరుకున్నామని కుమిలిపోయే యజమానులకు ఈ మాట చెప్పి తీరాలి.

ఆపరేషన్ లేకుండా నయం చేయవచ్చా అన్నది జబ్బు ఏ దశలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. నొప్పి మాత్రమే ఉండటం, తూలుతూ నడవడం, కాళ్లు కదిలినా నిలబడలేకపోవడం, కదలిక పూర్తిగా పోవడం, చివరికి లోతైన నొప్పి కూడా తెలియకపోవడం అని వైద్యులు ఐదు మెట్లుగా లెక్కిస్తారు. మొదటి రెండు మెట్లలో మందులు, విశ్రాంతితో చాలా కుక్కలు కోలుకుంటాయి. నిలబడలేని స్థితికి వస్తే ఆపరేషనే మేలైన దారి. ఐదో మెట్టు అత్యవసరం. దాన్ని కనిపెట్టడంలోనే చాలామంది పొరబడతారు. కాలివేలు గట్టిగా నొక్కితే కుక్క కాలు వెనక్కి లాక్కుంటుంది, అది చూసి స్పర్శ ఉందని సంబరపడతారు. ఆ లాక్కోవడం మెదడుతో పని లేకుండా వెన్నుపాము తనంతట తాను చేసేది. కుక్క తల తిప్పి చూసిందా, మూలిగిందా, కరవబోయిందా అన్నదే లెక్క.

ఈ వైద్యంలో మొదటి మందు బోను. లేచి నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్లు చాపుకుని పడుకునేంత చోటు చాలు. కనీసం 4 వారాలు అందులోనే ఉంచాలని అమెరికా పశువైద్య నిపుణుల సంఘం 2022లో వెలువరించిన ఏకాభిప్రాయ పత్రం చెబుతోంది. చీలిన వలయం పూడటానికి ఆ సమయం కావాలి. అసలు ప్రమాదం నొప్పి తగ్గాకే వస్తుంది. మాత్ర పనిచేసి కుక్క హుషారుగా తోక ఊపగానే జాలిపడి వదిలేస్తారు, మిగిలిన గుజ్జు కూడా బయటికి వస్తుంది. మూత్రానికి తీసుకెళ్లేటప్పుడు మెడపట్టీ బదులు ఛాతీ పట్టీ వేసి, పొట్ట కింద తువాలు పెట్టి వెనక భాగాన్ని ఎత్తి పట్టాలి. మనుషుల నొప్పి మాత్రలు ఇవ్వొద్దు, ఐబుప్రొఫెన్ కుక్కకు విషం. డాక్టరు రాసిన నొప్పి మందుకు ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్‌ను జోడిస్తే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం అవుతుంది.

కాళ్లు పడిపోయిన కుక్కకు మూత్రం పోయించడం అన్నిటికంటే కష్టమైన సేవ. పక్క తడిసింది కదా, పోస్తోందిలే అనుకుంటారు. నిండిన సంచి పొర్లి కారడం వేరు, ఖాళీ కావడం వేరు. పొట్ట దిగువన రెండు చేతులతో మెల్లగా నొక్కి రోజుకు మూడు నాలుగు సార్లు ఖాళీ చేయడం డాక్టరు దగ్గర చూసి నేర్చుకోవాలి. పడక పుండ్లు పడకుండా నాలుగైదు గంటలకోసారి పక్క మార్చాలి.

డాక్టరు సరేనన్నాక కాళ్ల పని మొదలవుతుంది. కుక్కను పక్కకు పడుకోబెట్టి వేళ్లు, మడమ, మోకాలు, తుంటి ఒక్కొక్కటిగా పదేసి సార్లు మెల్లగా మడిచి చాపాలి, రోజుకు రెండు మూడు పూటలు. తర్వాత కొబ్బరిపీచు పట్టా మీద ఆసరాతో కొన్ని క్షణాలు నిలబెట్టడం, తుంటిని అటూ ఇటూ తేలిగ్గా నెట్టి బరువు మార్పించడం. నిగనిగలాడే టైల్స్ మీద ఇవేవీ కుదరవు. నాలుగు వారాల గడువు దాటి నడక కుదిరాక నేల మీద పరిచిన పీవీసీ పైపులు దాటించవచ్చు. రుషికొండ తీరంలో ఉదయం పూట తడి ఇసుక మీద కాసేపు నడిపించవచ్చు. కెరటాల్లోకి మాత్రం దింపొద్దు.

నీటి వైద్యం అంటే సముద్ర స్నానం కాదు. గోరువెచ్చని నీళ్లు నింపిన గాజు తొట్టెలో ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. నీరు తుంటి దాకా ఉంటే కాళ్ల మీద పడే బరువు 62 శాతం తగ్గుతుంది. కరెంటు సూదులతో చేసే ఆక్యుపంక్చర్‌కూ కొంత ఆధారం ఉంది. లక్షణాలు 48 గంటలు దాటిన కుక్కల మీద బ్రెజిల్‌లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో సూదులు వేసిన 19లో 15 కోలుకున్నాయి. అది చిన్న అధ్యయనం, దాన్ని నమ్ముకుని ఆపరేషన్ మానుకోవద్దు. ఇంకోవైపు, ఆపరేషన్ అయిన కుక్కలకు తొలి రోజుల్లోనే తీవ్రమైన ఫిజియోథెరపీ చేయిస్తే మామూలు వ్యాయామాల కంటే అదనపు లాభం కనబడలేదని 2018లో అమెరికాలో తేలింది. ఇందులో నాకు నిరాశ కనిపించదు. తొట్టె దొరకని ఊళ్లోనూ తువాలు, పట్టా, ఓపిక ఉన్న ఇంట్లో ఎంతో చేయవచ్చన్న భరోసా కనిపిస్తుంది.

నొప్పి శాశ్వతంగా తెలియకుండా పోయిన కుక్కల విషయంలోనూ అప్పుడే ఆశ వదలక్కర్లేదు. మెదడుతో సంబంధం తెగినా వెన్నుపాము అడుగులు వేయించగలదని షెరింగ్టన్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1910లోనే చూపించాడు. ఇటలీలో ఫిజియోథెరపీ చేయించిన అలాంటి 81 కుక్కల్లో 48 తమంతట తాము నడిచాయని 2017లో నమోదైంది. నడక రాని వాటికి చక్రాల బండి ఉంది.

ఎంఆర్‌ఐ తీయించి ఆపరేషన్ చేయించడానికి హైదరాబాదుకో చెన్నైకో తీసుకెళ్లే స్తోమత అందరికీ ఉండదు. అందుకే మన గరివిడి పశువైద్య కళాశాలలో చదివే ప్రతి విద్యార్థికీ, విశాఖ పెట్ క్లినిక్‌లలోని ప్రతి సహాయకుడికీ ఈ విద్య చేతికి రావాలి. మీ కుక్క వెనక కాళ్లు తడబడితే మర్దన చేయకండి. పలక మీద పడుకోబెట్టి అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.